ఎడమకి మారిన వారం

ఇప్పుడు దేశం దక్షిణ కొసన దీవి మీదున్న నహా పట్నానికి వచ్చేవాళ్ళకి దారి చూపించే మనిషి అక్కర్లేదు. విమానం దిగుతూనే ఫోను తెరుస్తారు. ఎటు తిరగాలో, ఏ పూటకూళ్ళ ఇంట్లో తినాలో, ఏ గుమ్మం ముందు నిలబడి ఫొటో దిగాలో అదే చెబుతుంది. ఒకప్పుడు ఆ పనే చేసిన సుమియే దానికి నొచ్చుకోదు. డెబ్బయ్యికి దగ్గరపడింది, మోకాళ్ళు అంతంతమాత్రం, కానీ గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. కూరల కొట్లో ముల్లంగి ధర అడిగినా సరే, వెనక నిలబడ్డ పెద్దవాళ్ళెవరో ఒకరు తల తిప్పి చూస్తారు. "మీరు టూరిస్టు బస్సులో ఉండేవారు కదూ?" అంటారు. అవునంటుంది. ఆ రోజు మిగతా పనులన్నీ కొంచెం ఆలస్యమవుతాయి.

సుమియే చేరిన కాలంలో టూరిస్టు బస్సు గైడంటే ఊళ్ళో ఒక హోదా. నీలం కోటు, నీలం గౌను, నెత్తిన చిన్న టోపీ, చేతులకి తెల్లటి తొడుగులు. దేశంలోని పెద్ద దీవుల నుంచి కొత్త పెళ్ళిజంటలు, కంపెనీల గుంపులు ఓడల్లోనూ విమానాల్లోనూ దిగేవాళ్ళు. వాళ్ళకి రాజుల ద్వారం చూపించాలి, సముద్రం చూపించాలి, మధ్యలో దారి విసుగనిపించకుండా పాటలు పాడాలి. చెప్పాల్సిన మాటలన్నీ కంపెనీవాళ్ళు బట్టీ పట్టించేవాళ్ళు. ఏ మలుపు దగ్గర నవ్వాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అందులో ఉండేది. సుమియే నిద్రలో లేపినా అప్పజెప్పేది.

ఆమె తల్లి నబే మార్కెట్లో పంది మాంసం అమ్మేది. నబే అంటే వంట కుండ. ఆ తరం ఆడపిల్లలకి అలాంటి పేర్లే పెట్టేవాళ్ళు. పక్క కొట్టు కామే పేరుకి అర్థం తాబేలు, ఎదురు కొట్టు ఉషి అంటే ఆవు. నబే కొట్టు ముందు వేలాడే పంది మొహాలు చూసి టూరిస్టులు కెవ్వుమని అరిచి, మళ్ళీ దగ్గరికొచ్చి ఫొటోలు తీసుకునేవాళ్ళు. "దాన్నెందుకు తీస్తారయ్యా, చచ్చిపోయింది పాపం. నన్ను తియ్యండి" అనేది నబే. మార్కెట్టంతా నవ్వేది. అంత సరదా మనిషి కూతురి ఉద్యోగం మాటెత్తితే మాత్రం మూగదైపోయేది.

సుమియే మొదటిసారి ఆ నీలం బట్టలు వేసుకుని తల్లికి చూపిద్దామని తిన్నగా కొట్టుకి వచ్చింది. అందరూ చుట్టూ మూగారు. కామే అయితే మొహాన చేతులు తిప్పి దిష్టి తీసినంత పని చేసింది. నబే ఒక్కసారి కళ్ళెత్తి చూసింది. మొహం పక్కకి తిప్పుకుని, కత్తి ఎత్తి పక్కటెముకలు నరకడం మొదలుపెట్టింది. ముక్కుమొహం తెలియనివాళ్ళ ముందు పెదాలకి రంగేసుకుని పాడే పని చేస్తున్నందుకు అమ్మకి తలవంపులుగా ఉందని సుమియే అనుకుంది. తండ్రి లేని ఇల్లు, ఉండేది ఇద్దరే. ఆ ఇద్దరి మధ్యా ఆ ఉద్యోగం అడ్డుగోడలా నిలబడిపోయింది.

నబేకి ఇంకో పట్టు కూడా ఉండేది. బస్సెక్కేది కాదు. ఎండైనా వానైనా, నెత్తిన మోపున్నా సరే, నడకే. ఎందుకని ఎవరైనా అడిగితే "కాళ్ళు ఊరికే వచ్చాయి కదా" అనేది.

1978 జులై చివరి ఆదివారం తెల్లవారేసరికి ద్వీపంలోని బళ్ళన్నీ రోడ్డుకి కుడి పక్క నుంచి ఎడమ పక్కకి మారాయి. యుద్ధం తర్వాత అమెరికావాళ్ళ ఏలుబడిలో బళ్ళు కుడి పక్కన నడపడం మప్పారు, వాళ్ళు పోయాక కూడా కొన్నేళ్ళు అలాగే నడిచింది. ఇక పెద్ద దీవుల్లోలాగే ఇక్కడా ఎడమ అన్నారు. గోడలన్నిటి మీదా ఆ తేదీయే, పెద్ద పెద్ద అంకెల్లో. ఎడమ పక్కన తలుపులున్న కొత్త బస్సులు దిగాయి. పెద్ద దీవుల నుంచి పోలీసులు కూడా దిగారు. టూరిస్టులు మాత్రం ఎవరూ దిగలేదు. ఎక్కడ ఏ బండి గుద్దుతుందో అని అందరూ ప్రయాణాలు మానుకున్నారు.

సూపర్‌వైజరు గైడుల్ని, డ్రైవర్లని పిలిచి చెప్పాడు. "ఖాళీ బస్సుతో ప్రాక్టీసు చేస్తే ఏం లాభం? లోపల బరువుండాలి, అరిచేవాళ్ళుండాలి. మీ మీ ఇళ్ళవాళ్ళని, తెలిసినవాళ్ళని ఎక్కించుకుని ఊరంతా తిప్పండి. టికెట్టు లేదు."

సుమియే తల్లికి చెప్పలేదు. కామేకి చెప్పింది. కామేకి చెప్తే మార్కెట్టు మొత్తానికి చెప్పినట్టే.

తీరా ఆ వారంలోనే బయల్దేరే రోజు పొద్దున బస్సు దగ్గర చూస్తే, పువ్వుల చొక్కాలేసుకుని, గొడుగులు పట్టుకుని మార్కెట్టు ఆడవాళ్ళంతా వరసలో ఉన్నారు. అందరికన్నా వెనక నబే. చంకలో బట్టలో కట్టిన మూట. వేడి వేడి బెల్లపు బూరెల వాసన.

"అమ్మా, నువ్వూ వస్తున్నావా?"

"ఊరు చూడ్డానికి రాలేదులే. అందరూ కొట్లు కట్టేసి నీ వెనక బయల్దేరారు. ఈగలు తోలుకుంటూ ఒక్కదాన్నే కూర్చోనా?" అని నబే మెట్టు మీద కాలు పెట్టి, ఒక క్షణం ఆగి, ఎక్కింది. వెళ్ళి ఆఖరి సీట్లో కిటికీ పక్కన కూర్చుంది.

డ్రైవరు సేకిచి నెమ్మదైన మనిషి. స్టీరింగు ఇప్పుడు ఎడమ నుంచి కుడికి మారింది, పాపం గేరు కోసం చెయ్యి మాటిమాటికీ తలుపు వైపు వెళ్ళేది. "ఎడమ, ఎడమ, ఎడమ" అని జపంలా గొణుక్కుంటూ బండి తీశాడు. సుమియే పరిస్థితీ అంతే. ఆమె నిలబడే చోటు కూడా మారిపోయింది. ఒళ్ళు పాత అలవాటు మరిచిపోలేదు. "మీ కుడి చేతి వైపు చూడండి" అంటూ తొడుగేసుకున్న తెల్లటి చెయ్యి వాళ్ళ ఎడమకి చాచింది. అందరూ అటు చూశారు. అక్కడొక బార్బరు షాపు, బయట ఆరేసిన తువ్వాళ్ళు.

"అబ్బ, ఎంత బాగుందో" అంది ఉషి. "ఏ రాజుగారివే ఆ తువ్వాళ్ళు?"

బస్సంతా పగలబడి నవ్వింది. సుమియే కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. బట్టీ పట్టిన మాటలు ఇక నోటికి రావడం మానేశాయి. పెద్ద వీధిలో సినిమా హాలు గురించి చెప్పబోతే కామే అందుకుంది. "అది చెప్పకు, దాని వెనక సందులో నాకు పెళ్ళిచూపులయ్యాయి, అది చెప్పు. చూసినవాణ్ణి చేసుకోలేదులే, వాడి తమ్ముణ్ణి చేసుకున్నాను." పాత గుడి రాతి కమానుల దగ్గరికి వచ్చేసరికి ముసలమ్మలు కిటికీల వైపు తిరిగారు. యుద్ధంలో ఆ గుడి మొత్తం పోయి ఆ కమానులే మిగిలాయి. ఉషి చేతులు జోడించింది. సుమియే ఆ రోజు అక్కడ ఏమీ చెప్పలేదు. వాళ్ళకి చెప్పేందుకేముంది?

అక్కడి నుంచి దారి ఎక్కుడు మొదలవుతుంది. కొండ మీద షూరి, రాజుల పాత పట్నం. బస్సు మూలుగుతూ ఎక్కుతోంది. మలుపు తిరిగేసరికి ఎదురుగా, తమ పక్కనే, ఒక లారీ దిగుతూ వస్తోంది. ఆ లారీవాడు మార్పు సంగతే మరిచిపోయినట్టున్నాడు. సేకిచి బ్రేకు మీద నిలబడ్డాడు. బస్సు ముక్కూ లారీ ముక్కూ తగలబోయి ఆగాయి. బూరెల మూట సీట్ల కింద దొర్లుకుంటూ ముందుకి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లారీ నిండా బతికున్న పందులు, ఒకటే గోల.

"మన సరుకే" అంది కామే, కిటికీలోంచి మెడ చాచి. "బాగా బలిసినవే తెస్తున్నాడు."

లారీవాడు కిందికి దూకి తొడుగులేసుకున్న సుమియేకీ, సేకిచికీ, బస్సులో ఉన్న ఒక్కొక్కరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. లారీ వెనక్కి తీద్దామంటే ఎక్కుడులో దాని ఇంజను మొరాయించింది. వెనక బళ్ళు చేరాయి. పెద్ద దీవుల నుంచి వచ్చిన కుర్ర పోలీసు ఈల ఊదుతూ పరిగెత్తుకొచ్చాడు. అతని మాట లారీవాడికి అర్థం కాదు, లారీవాడి యాస అతనికి అర్థం కాదు. బస్సు నడి ఎక్కుడులో ఎండలో నిలబడిపోయింది.

సుమియే పాటలు పాడింది. వచ్చినవన్నీ అయిపోయాయి. ఆడవాళ్ళు గొంతు కలిపి, చరణాలకి తమవి కూడా తగిలించి, అలిసిపోయి విసనకర్రలు తీశారు. బూరెలు పంచుకున్నారు. కాసేపటికి అంతా సద్దుమణిగింది. పందుల గురక, కొండ మీద చిమ్మెటల రొద తప్ప ఏమీ వినిపించడం లేదు. అప్పుడు వెనక సీట్లోంచి నబే అంది, ఎవరితోనూ కాదు, కిటికీతో అన్నట్టు.

"ఇక్కడే మా నాన్న గంట కొట్టేవాడు."

"ఏం గంటే?" అంది కామే.

"ట్రాము గంట. ఇంకేం గంట."

సుమియే తలెత్తింది. తాత ఎక్కడో దూరాన సైపాన్ దీవిలో పోయాడని తప్ప ఆమెకి ఏమీ తెలియదు. తమ ఊళ్ళో ఎప్పుడో ట్రాము ఉండేదని వినడమే గాని, తమ ఇంటికి దానితో సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. సీట్ల మధ్య నుంచి నడిచి వెళ్ళి మైకు తల్లి నోటి దగ్గర పెట్టింది. నబే దాన్ని పక్కకి నెట్టింది.

"ఈ గొంతుకి మైకెందుకే. పందుల అరుపు మీద అరిచిన గొంతు ఇది."

"చెప్పవే నబే" అంది ఉషి. "ఎలాగూ కదలం."

నబే మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. "మా నాన్న ట్రాము నడిపేవాడు. రేవు దగ్గర బయల్దేరి ఈ కొండ దాకా. కింద ఊళ్ళో బాగానే పరిగెత్తేది గాని, ఇక్కడికొచ్చేసరికి దానికి ఆయాసం. మనిషి నడకే నయం. పిల్లలం దూకేసేవాళ్ళం. పక్కనంతా చెరుకు చేలే అప్పుడు. ఒక గడ విరుచుకుని, పరిగెత్తి మళ్ళీ ఎక్కేవాళ్ళం. నాన్న చూసీ చూడనట్టు గంట కొట్టుకుంటూ ఉండేవాడు. ఆ గంట నిజానికి మాకోసమే. ఎక్కండర్రా, మలుపొస్తోంది అని."

"మరి మాకెప్పుడూ చెప్పలేదేమే?" అంది కామే.

"తర్వాత బస్సులొచ్చాయిగా" అంది నబే. "ట్రాము ఆగే చోటే బస్సూ ఆగేది. దాంట్లో టికెట్లు కోసే ఒక అమ్మాయి ఉండేది. నీలం గౌను, నెత్తిన టోపీ. తలుపు పట్టుకుని వేలాడుతూ పిలిచేది. 'ఎందుకండీ ఆ నత్త కోసం చూస్తారు, రండి, మాది ఎక్కండి' అని. మా నాన్న ఎదురుగానే. జనం నవ్వుకుంటూ వెళ్ళి అందులో ఎక్కేవాళ్ళు. రోజురోజుకీ ట్రాము ఖాళీ అయిపోయింది. ఒక్కోసారి నేనూ నాన్నా, ఇద్దరమే వెళ్ళేవాళ్ళం కొండ దాకా."

"ఆ పిల్లని పట్టుకుని రెండు తగిలించలేకపోయావా?" అంది ఉషి.

"తిట్టుకునేదాన్ని. దాని టోపీ గాలికి పోవాలని, అది బస్సులోంచి జారి బురదలో పడాలని." నబే గొంతులో నవ్వు కదిలింది. "పడుకున్నాక మాత్రం ఆ టోపీ నా నెత్తినే ఉండేది. నేనే తలుపు పట్టుకుని పిలిచేదాన్ని, రండి, మాది ఎక్కండి అని. అంత ముచ్చటగా ఉండేదే అది. ఏం చేస్తాం."

నబే ఒళ్ళో పడ్డ బూరె పొడి దులుపుకుంది.

"ట్రాము ఆపేశారు. పట్టాలు పీకి అమ్మేశారు. నాన్నకి వేరే పని రాదు. సైపాన్‌లో చెరుకు కొట్టే పనుందంటే ఓడెక్కాడు. రేవు దాకా అందరం నడిచే వెళ్ళాం. సామాను బరువుగా ఉంది, బస్సులో వెళ్దామంది అమ్మ. ఆయన ఒప్పుకోలేదు. సామానంతా తనే మోశాడు. తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. ఆ నడకొక్కటే నాకు మిగిలిపోయింది."

సుమియే చేతిలో మైకు అలాగే ఉంది. "నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయిందమ్మా? నేను ఈ పనిలో చేరేదాన్నే కాదు."

"అందుకే చెప్పలేదు" అంది నబే. "ఆ రోజు నువ్వొచ్చి కొట్టు ముందు నిలబడ్డావు చూడు, అచ్చం ఆ అమ్మాయే. కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీలేదు. ఎంత బాగున్నావో అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి వచ్చి గొంతులో పడితే మనిషి ఏం మాట్లాడుతుంది? పక్కటెముకలు కొట్టుకున్నాను."

కామే ముక్కు చీదింది. "ఇన్నేళ్ళు పక్క పక్క కొట్లు. నా మొగుడి గురకతో సహా అన్నీ నీకు చెప్పుకున్నాను. నువ్వు ఇంత లోపల దాచుకున్నావు, దొంగదానా."

అప్పుడే కింద కేకలు వినిపించాయి. సేకిచీ, కుర్ర పోలీసూ, వెనక బళ్ళవాళ్ళూ కలిసి లారీని పక్కకి తోశారు. పోలీసు తెల్లచొక్కా మీద పంది పేడ. ఆడవాళ్ళు కిటికీల్లోంచి చప్పట్లు కొట్టి, మిగిలిన బూరెలు అతని చేతిలో పెట్టారు. బస్సు మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. సుమియే తన చోటుకి వెళ్ళలేదు. మలుపు తిరిగేవరకూ తల్లి పక్క సీట్లోనే కూర్చుంది. గైడు ప్రయాణికుల సీట్లో కూర్చోవడం కంపెనీ ఒప్పుకోదు, కానీ అక్కడ చూసేదెవరు?

కొండ మీద ఎర్ర ద్వారం దగ్గర దిగారు. కోట లేదు అప్పటికి. యుద్ధంలో పోయిన కోట చోట కాలేజీ ఉండేది. "ఈ గుమ్మం ఒక్కటి చూడ్డానికా అంత దూరం నుంచి డబ్బులు పోసుకుని వస్తారు?" అంది ఉషి. రాజుల కాలం నాటి రంగు రంగుల దుస్తులు అద్దెకిచ్చి ఫొటోలు తీసే ఆమె బేరాల్లేక గొడుగు కింద కునుకు తీస్తోంది. మార్కెట్టువాళ్ళని చూసి గుర్తుపట్టి, ఊరికే తీస్తా రమ్మంది. కామే రాణిగారి దుస్తులు తొడుక్కుంది. కింద రబ్బరు చెప్పులు. "నాకు తల దించుకోవడం రాదు, అచ్చం రాణినే" అని ఆమె అంటుంటే అందరూ కడుపు పట్టుకున్నారు. నబే మాత్రం ఫొటోకి రానంది. ద్వారం నీడలో నిలబడి కూతురి వైపే చూస్తోంది. కాసేపటికి చెయ్యి ఊపి పిలిచింది.

"టోపీ అలా పెడతారా ఎవరన్నా? నిటారుగా, బిందె మీద మూతలాగ." రెండు చేతులతో టోపీ పట్టుకుని కొంచెం పక్కకి వంచింది. చెవి మీదికి జారిన జుట్టు లోపలికి దోపింది. ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. "ఇలా పెట్టేది అది" అంది.

సుమియే కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి తెల్ల తొడుగులు, మరక పడుతుందని భయం. తల్లి తన జేబురుమాలు ఇచ్చింది. దాన్నిండా మాంసం కొట్టు వాసన.

ఆ తర్వాత చాలా ఏళ్ళు సుమియే ఆ ఎక్కుడులో పాట పాడే చోట ట్రాము గురించి చెప్పేది. సూపర్‌వైజరు ఒకసారి పిలిచి మందలించాడు. "వాళ్ళు సముద్రం చూడ్డానికి వస్తారమ్మా. లేని ట్రామును ఎలా చూస్తారు?" సుమియే తలవంచుకుని వింది, మర్నాడు మళ్ళీ చెప్పింది. చెరుకు గడ మాట దగ్గరికొచ్చేసరికి పెళ్ళిజంటలు కూడా చేతులు వదిలి కిటికీలోంచి చూసేవాళ్ళు. తల్లి కూడా మధ్య మధ్యలో బస్సెక్కేది, కామేని వెంటబెట్టుకుని. ఎక్కితే ఊరుకునేది కాదు, "అక్కడ గంట మరిచిపోయావు" అని వెనకనుంచి అరిచేది. కంపెనీవాళ్ళు చివరికి సుమియేని ఏమీ అనడం మానేశారు. ఇప్పుడు నబే లేదు. కామే లేదు. మార్కెట్టు కూల్చి కొత్తది కట్టారు, చల్లగా, శుభ్రంగా ఉంటుంది.

కానీ ఆ వారం గురించి ఎవరైనా అడిగితే సుమియే ముందుగా చెప్పేది ఎక్కుడు గురించి కాదు. ఆ సాయంత్రం గురించి.

షూరి నుంచి దిగి నమినోఎ కొండ కిందికి వెళ్ళారు. పైన గుడి, కింద ఇసుక. పుట్టిందీ పెరిగిందీ సముద్రం పక్కనే అయినా, పని లేకుండా నీళ్ళలో కాళ్ళు పెట్టి ఎన్నాళ్ళయిందో ఆ ఆడవాళ్ళకే గుర్తు లేదు. చెప్పులు చేతపట్టుకుని దిగారు. ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకున్నారు. నబే మోకాళ్ళ దాకా తడిసి, ఇసుకలో కూలబడి, మల్లె టీ తాగి, "ఇదేనా మీ టూరిస్టులు చేసే పని? బానే ఉంది" అంది.

వెలుగు వాలుతుండగా బస్సు మార్కెట్టు దగ్గరికి చేరింది. ఒక్కొక్కరే సేకిచికి దణ్ణం పెట్టి దిగిపోయారు. అందరూ దిగాక సుమియే చూస్తే, ఆఖరి సీట్లో తల్లి కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. పాదాలకి ఇసుక అంటుకునే ఉంది. రోజూ చీకటితోనే లేచి వెళ్ళే మనిషి. సుమియే పుట్టి పెరిగిన ఇన్నేళ్ళలో పగటి వెలుగులో అమ్మ నిద్రపోవడం ఎన్నడూ చూడలేదు. నిద్రలో ఆ మొహం ఎంత చిన్నదిగా ఉందో.

లేపడానికి చెయ్యి చాచింది. సేకిచి అద్దంలోంచి చూశాడు.

"ఉండనీ. నాకింకా ఎడమ పక్క కుదరలేదు. ఇంకో చుట్టు కొట్టి రావాలి."

"బస్సు లోపల పెట్టే వేళయింది కదా అన్నా?"

"అడిగితే దారి తప్పామని చెప్తాను. ఈ వారం ఎవరు తప్పలేదు గనక?"

బస్సు మెల్లగా కదిలింది. పెద్ద వీధిలో దీపాలు వెలుగుతున్నాయి. సుమియే మైకు పక్కన పెట్టి, తొడుగులు తీసి, తల్లి పక్కన కూర్చుంది. మలుపుల్లో తల్లి తల ఇటు వాలుతుంటే భుజం ఆనించింది. వంతెన దాటారు, రేవు దాటారు. సేకిచి ముందు కూర్చుని ఎవరికీ వినిపించనంత మెల్లగా ఏదో పాట తీస్తున్నాడు. ఊరంతా తిరిగారు. ఆ పూట సుమియే ఎవరికీ ఏదీ చూపించలేదు.